బాయి దిగేటోళ్లు బండను చూడాలె

2022 డిసెంబరులో ఆర్టీసీ ‘సింగరేణి దర్శన్’ బస్సు మొదలుపెట్టింది. మంచిదే. విద్యార్థులు, ఉద్యోగులు బొగ్గుబాయి చూడాల్సిందే. కానీ ఏం చూసి వస్తున్నారు? బీడీ, అగ్గిపెట్టె పైనే వదిలి, టోపీకి లైటు తగిలించుకొని దిగాక తలెత్తి పైన బండను చూడండి. దానికి సపోర్టు పెట్టేది ఎవరో, పర్మనెంటో కాంట్రాక్టో అడగండి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీలో నీళ్లు ముంచెత్తి 17 మంది కార్మికులు పోయారు. 2022 మార్చిలో అడ్రియాలలో బండ కూలి ముగ్గురు చనిపోయారు. వాళ్లలో అధికారులూ ఉన్నారు. బండకు హోదాలు తెలియవు కదా!

2011 సకల జనుల సమ్మెలో ఈ కార్మికులే నెల దాటి బాయి దిగలేదు. జీతాలు పోగొట్టుకొని పోరు నిలబెట్టారు. ఓపెన్‌కాస్టు వద్దని అప్పుడు అందరం అన్నాం. 2014లో రాష్ట్రం వచ్చింది. సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఇప్పటికీ ఓపెన్‌కాస్టులదే. 1990ల తొలినాళ్లలో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు అందులో సగం కూడా లేరు. బాయి మూసినచోట కొడుకులు కాంట్రాక్టు కూలీలైనారు.

దర్శన్ బస్సు ఓపెన్‌కాస్టు అంచున ఆగినప్పుడు ఈ లెక్కలు కూడా చెప్పించాలి. చెప్పేది గైడు కాదు, దిగి ఎక్కిన కార్మికుడు.