బియ్యప్పెట్టెలో యువరాజు

1762 జులై 4. కొరియాలో మండు వేసవి. జోసన్ రాజ్యాన్ని 38 ఏళ్లుగా ఏలుతున్న యోంగ్జో మహారాజు కొడుకును పిలిపించాడు. ఓ పెద్ద చెక్కపెట్టె తెప్పించాడు. బియ్యం దాచుకునే పెట్టె అది. అందులోకి దిగమన్నాడు. పదేళ్ల మనవడు వచ్చి, నాన్నను వదిలెయ్యమని తాతను వేడుకున్నాడు. పిల్లవాణ్ని బయటికి పంపేశారు. యువరాజు సాదో పెట్టెలోకి దిగాడు. మూత పడింది. ఎనిమిది రోజులకు అతని ప్రాణం పోయింది. అప్పటికతనికి ఇరవయ్యేడేళ్లు!

1392 నుంచి 1910 దాకా 27 మంది రాజులు ఏలిన జోసన్ వంశంలో కుట్రలకు కొదవలేదు. కానీ ఇలాంటి చావు మరొకటి లేదు. పోనీ యోంగ్జో పరమ క్రూరుడా అంటే... కాదు. 52 ఏళ్లు పాలించి ఆ వంశంలో రికార్డు సృష్టించిన రాజు ఆయన. ఏటా రెండు తానుల బట్ట పన్నుగా కట్టే రైతులు ఒక్క తాను కడితే చాలని 1750లో చట్టం తెచ్చాడు. నేరస్థులను పెట్టే చిత్రహింసలు కొన్నింటిని మాన్పించాడు. ప్రజలను బిడ్డల్లా చూసుకున్న ఆ రాజుకు సొంత బిడ్డ ఎందుకు బరువయ్యాడు?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది చరిత్రకారులు కాదు, ఆ ఇంటి కోడలు. పేరు హ్యేగ్యోంగ్. తొమ్మిదేళ్ల వయసులో 1744లో రాజభవనంలో అడుగుపెట్టింది. భర్తదీ అదే వయసు. అరవై దాటాక కూడా ఆమె తన బతుకు గురించి రాస్తూనే ఉంది. 1795 నుంచి 1805 వరకు నాలుగు విడతలుగా రాసిన ఆ జ్ఞాపకాలనే ‘హంజుంగ్నోక్’ అంటారు. పండితులంతా చైనా లిపిలో రాస్తున్న రోజుల్లో, ఆడవాళ్ల రాతగా చిన్నచూపు చూసిన హంగుల్‌లో ఆమె రాసింది. కొరియా సాహిత్యంలో అదిప్పుడు ఆణిముత్యం.

ఆమె చెప్పిన ప్రకారం తంటా ఉయ్యాల నుంచే మొదలైంది. పెద్ద కొడుకు 1728లో చనిపోయాక, ఏడేళ్లకు పుట్టిన వారసుడు సాదో. లేక లేక కలిగిన కొడుకు. అయితేనేం, నూరు రోజులైనా నిండీ నిండకముందే తల్లిదండ్రులకు దూరంగా వేరే భవనంలో పెట్టారు. యువరాజు మర్యాద అలాంటిది మరి! తండ్రి రావడం తగ్గింది. వచ్చినా నలుగురిలో తప్పులెంచడమే. వానలు పడకపోయినా కొడుకు పాపమేనన్నాడు. చెడ్డమాట వింటే చెవులు కడుక్కోవడం యోంగ్జోకు అలవాటు. కొడుకును పిలిచి అన్నం తిన్నావా అని అడిగేవాడట. జవాబు వినగానే చెవులు కడుక్కునేవాడట.

పిల్లవాడు బెదిరిపోయాడు. పెద్దయ్యేకొద్దీ ఆ బెదురు జబ్బయింది. బట్టలు వేసుకోవాలంటే చచ్చేంత భయం. ఒక్కసారి తయారవడానికి పదీ ఇరవై జతలు ముందు పరచాల్సి వచ్చేది. కొన్నిటిని తగలబెట్టేవాడు. సాయం చేయబోయిన వాళ్లమీద విరుచుకుపడేవాడు. సేవకులను చంపాడు. ముద్దుగా చూసుకున్న ఉపపత్నిని కూడా 1761లో కొట్టి చంపాడు. చివరికి కన్నతల్లే రాజు దగ్గరకెళ్లి, మనవణ్ని కాపాడాలంటే కొడుకును వదులుకోక తప్పదని చెప్పింది. ఆ మాట అన్నాక రెండేళ్లకే ఆమే కన్నుమూసింది.

మరి పెట్టెలోనే ఎందుకు? నేరస్థుడని ప్రకటించి శిక్షిస్తే అప్పటి చట్టం ప్రకారం భార్యాబిడ్డలకూ శిక్ష తప్పదు. వంశానికి మిగిలిన వారసుడు ఆ బిడ్డే! శిక్ష పేరెత్తకుండా, రక్తం చిందకుండా ప్రాణం తీయడానికి పెట్టె దారి చూపిందంటారు చరిత్రకారులు. చనిపోయాక తండ్రే కొడుకు హోదా తిరిగిచ్చి ‘సాదో’ అని పేరు పెట్టాడు. దుఃఖంతో తలచుకోవడమని దానర్థం.

మనవడు బతికాడు. కానీ ఆ తల్లికి దక్కలేదు. 1764లో రాజు ఆ పిల్లవాణ్ని, ఎప్పుడో చనిపోయిన తన పెద్ద కొడుకుకు దత్తత ఇచ్చేశాడు. 1776లో అతనే జోంగ్జోగా సింహాసనమెక్కాడు. ఎక్కిన రోజే తాను సాదో కొడుకునని సభలో ప్రకటించాడు. తండ్రి సమాధిని 1789లో సువాన్ దగ్గరకు మార్పించాడు. అక్కడే 1794-96 మధ్య దాదాపు ఆరు కిలోమీటర్ల గోడతో హ్వాసోంగ్ కోట కట్టించాడు. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. 1795లో తల్లికి అరవై ఏళ్లు నిండుతుంటే, వేలమంది పరివారంతో, నదిపై పడవల వంతెన వేయించి ఆమెను అక్కడికి తీసుకెళ్లాడు. తండ్రి బతికుంటే ఆయనకూ అప్పటికి అరవయ్యే.

ఇంత ప్రేమ ఉన్న కొడుకే ఇంకో పనీ చేశాడు. పట్టాభిషేకానికి కాస్త ముందు తాతను అడిగి, తండ్రి చావుకు సంబంధించిన కొలువు రికార్డుల్లో ఆ భాగాలను నీళ్లలో కడిగించేశాడు. తండ్రి పరువు కాపాడుకోవాలనుకున్నాడు. అలా మాయమైన చోటల్లా పుకార్లు పుట్టాయి. సాదోకు అసలు జబ్బే లేదని కొందరు, పెట్టె ఆలోచన కోడలి తండ్రిదేనని కొందరు ఆడిపోసుకున్నారు. ఆమె పుట్టింటివాళ్లు ఒక్కొక్కరే బలయ్యారు. 1776లో చిన్నాన్న, 1801లో తమ్ముడు మరణశిక్షకు గురయ్యారు.

1800లో కొడుకూ పోయాడు. నిజం తెలిసినవాళ్లలో ఆమె మిగిలింది. మనవడు గద్దెమీదున్నాడు. తాతతండ్రుల కథ అతనికి తెలియకపోతే ఎలా అనుకుని, డెబ్బయ్యో ఏట 1805లో అసలు సంగతి కాగితంమీద పెట్టింది. మామను రాక్షసుణ్ని చేయలేదు. భర్త హత్యలను దాచలేదు. జబ్బు నిజం, ఆ జబ్బుకు దారితీసిన తండ్రి కాఠిన్యమూ నిజమని రాసింది.

రాజును కన్నా ఆమె బతికుండగా రాణి కాలేదు. చనిపోయిన ఎనభై ఏళ్లకు పైగా గడిచాక, 1899లో సాదోకు చక్రవర్తి, ఆమెకు మహారాణి బిరుదులిచ్చారు. ఇప్పుడు ఇద్దరూ హ్వాసోంగ్ నగరంలో ఒకే సమాధిలో ఉన్నారు. కొడుకు కడిగించిన రాతలు తిరిగి రాలేదు. తల్లి రాసినవి మాత్రం ఇంకా చదువుతూనే ఉన్నారు.