సన్నాయికి చుట్టం... ఫీజుకి సాయం!

అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది పిల్లలకి ఆరేడేళ్లు రాగానే పియానోనో వయొలినో పట్టించేస్తారు. నేర్చుకోవడం మంచిదే. 'రేపు కాలేజీ స్కాలర్‌షిప్పుకీ పనికొస్తుంది' అనుకుంటేనే చిక్కు. యూనివర్సిటీ ఆర్కెస్ట్రాలో వయొలిన్లు 25, 30 ఉన్నా వాయించేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. పియానోకైతే అక్కడ శాశ్వతమైన కుర్చీయే లేదు.

అదే ఓబో, బసూన్‌లకి ఉండేవి రెండు మూడు కుర్చీలే అయినా, వాయించేవాళ్లు దొరకడమే కష్టం. ఉన్నవాళ్లు డిగ్రీ పట్టుకుని వెళ్లిపోతే కాలేజీకి వెతుకులాట మొదలు. అందుకే, చదివేది ఇంజినీరింగైనా సరే, ఆర్కెస్ట్రాలో వాయిస్తానంటే ఫీజులో కొంత తగ్గించే కాలేజీలున్నాయి.

ఓబో మన సన్నాయికి చుట్టమే. దానిదీ రెండు పలకల పీకే. తంటా అంతా ఆ పీకతోనే! కొన్ని వారాలకే పాడవుతుంది. చెయ్యి తిరిగినవాళ్లు రెల్లుపుల్ల చెక్కి సొంతంగా చేసుకుంటారు. వాయిద్యం ఖరీదు వేల డాలర్లు, బసూన్ అయితే మరీను. కొనేముందు స్కూలువాళ్లు అరువిస్తారేమో అడగాలి. ఆ గొంతు పిల్లలకి నచ్చిందా అన్నది అంతకన్నా ముందు. ఏళ్ల తరబడి రోజూ ఊదాల్సింది వాళ్లే కదా! వయొలిన్ వచ్చినవాళ్లకి వయోలా దగ్గరిదారి. కాస్త పెద్దది, శ్రుతి తక్కువ.

హార్వర్డ్, యేల్ వంటి ఐవీ లీగ్ వర్సిటీల్లో మాత్రం ఎంత బాగా వాయించినా స్కాలర్‌షిప్ ఉండదు. అక్కడ సాయమంతా కుటుంబ ఆదాయాన్ని బట్టే. మిగతాచోట్ల దరఖాస్తుకి ముందే ఆర్కెస్ట్రా డైరెక్టరుకి రాసి, వచ్చే ఏడాది ఏ కుర్చీలు ఖాళీ అవుతున్నాయో కనుక్కోవచ్చు.