మనిషి మంచోడే, వెనక ఉన్నదెవరు?

ఎన్నికలు దగ్గర పడేకొద్దీ మన ఊళ్లలో ఒక మాట ఎక్కువగా వినబడుతుంది. టీ కొట్టు దగ్గర, విత్తనాల షాపు అరుగు మీద, ఆఖరికి మన సంఘం సమావేశాల్లో కూడా. "ఆ పార్టీ సంగతి వదిలెయ్యన్నా, మనిషి మంచోడు. ఆయన కుర్చీ ఎక్కితే వాళ్లందర్నీ అదుపులో పెడతాడు." పోయిన నెల మండల సమావేశంలో ఇద్దరు సభ్యులు ఈ మాట మీదే అరగంట వాదులాడుకున్నారు. పత్రికలో దీని గురించి రాయమని ఇద్దరూ అడిగారు. రాసే ముందు నా తప్పు నేను ఒప్పుకోవాలి. 1999లో ఇదే మాటను ఊరంతా తిరిగి చెప్పినవాణ్ణి నేను.

అప్పటి ఆ మంచి మనిషి వాజ్‌పేయి. కవిత్వం రాస్తాడు, ప్రతిపక్షం వాళ్లు కూడా నోరు తెరుచుకుని వినేట్టు మాట్లాడతాడు, ఎవర్నీ కించపరచడు. ఏప్రిల్‌లో ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది, ఆ తర్వాత కార్గిల్ యుద్ధం వచ్చింది. జనానికి ఆయన మీద జాలి, గౌరవం రెండూ కలిశాయి. "పార్టీ వేరు, వాజ్‌పేయి వేరు" అని నేను ఇంటింటికీ చెప్పాను. మన రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాలుంటే తెలుగుదేశానికి 29, బీజేపీకి 7 వచ్చాయి. అంటే నాలాంటి వాళ్లు ఊరూరా ఉన్నారన్నమాట.

మా ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవాడు, ఇప్పుడు లేడు. నా మాటలన్నీ విని ఆయన అన్నది ఒక్కటే: "ఏమప్పా, గుత్తకు చేసేవాడు ఎంత మంచోడైనా చేలో బోరు ఎక్కడ వెయ్యాలో చెప్పేది పట్టాదారే గదా?" నేను నవ్వి ఊరుకున్నాను. ఈ ఇరవై అయిదేళ్లలో ఆ ప్రశ్న నాకు ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్క లేదు.

న్యాయంగా చెప్పుకోవాలి. ఆయన మంచివాడని మేము అనుకున్నదంతా అబద్ధం కాదు. కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో వచ్చింది. 2000లో మొదలైన గ్రామ సడక్ యోజన కింద ఎన్నో పల్లెలు మొదటిసారి తారు రోడ్డు చూశాయి. రామమందిరం, 370వ అధికరణం, ఉమ్మడి పౌరస్మృతి అనే మూడింటినీ పక్కన పెట్టి సంకీర్ణం నడిపారు. కానీ వాటిని పక్కన పెట్టించింది ఆయన మంచితనమా, మిత్రపక్షాల లెక్కా? మిత్రపక్షాలు లేకపోతే సర్కారు లేదు. ఆ లెక్క ఉన్నన్నాళ్లూ అవి పక్కన ఉన్నాయి. ఆయన కూడా ఎవరినీ మోసం చెయ్యలేదు. 2000 సెప్టెంబరులో అమెరికాలో విశ్వహిందూ పరిషత్ సభలో, పదవి ఈరోజు ఉంటుంది రేపు పోతుంది, నేను మాత్రం స్వయంసేవక్‌నే అన్న అర్థంలో బాహాటంగా చెప్పారు. వినాల్సింది మనం. మేము వినలేదు.

పరీక్ష 2002లో వచ్చింది. గుజరాత్ మారణకాండ తర్వాత ఏప్రిల్ మొదట్లో వాజ్‌పేయి అహ్మదాబాద్ వెళ్లారు. పక్కన ముఖ్యమంత్రి మోదీ కూర్చుని ఉండగా, పాలకుడు రాజధర్మం పాటించాలి, పుట్టుకను బట్టి, మతాన్ని బట్టి ప్రజల్లో తేడా చూపకూడదు అన్నారు. దేశమంతా హమ్మయ్య అనుకుంది. వారం తిరిగేసరికి గోవాలో పార్టీ జాతీయ కార్యవర్గ సమావేశం. మోదీ రాజీనామా చేస్తానన్నారు, పార్టీ వద్దంది. అహ్మదాబాద్‌లో మాట్లాడిన ప్రధాని గోవా సభలో వేరే గొంతుతో మాట్లాడారు. మన తెలుగుదేశం పార్టీ మోదీని తప్పించాలని డిమాండ్ చేసింది. తీరా లోక్‌సభలో అభిశంసన ఓటింగ్ దగ్గరికొచ్చేసరికి బయటికి నడిచింది. ప్రభుత్వం నిలిచింది, మోదీ నిలిచారు. ప్రధాని మనసులో ఏముందో మనకు తెలియదు. ఆయన నిజంగానే బాధపడి ఉండొచ్చు. ఆ బాధ వల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

ఇంతవరకు పత్రికలు చదివే వాళ్లందరికీ తెలిసిన కథే. రైతుకు సంబంధించిన కథ వేరే ఉంది, దాన్ని ఎవరూ ఇంతగా చెప్పరు.

అదే పరివారంలో భారతీయ కిసాన్ సంఘ్, భారతీయ మజ్దూర్ సంఘ్, స్వదేశీ జాగరణ్ మంచ్ ఉన్నాయి. విదేశీ సరుకుకు తలుపులు తెరవొద్దని, డబ్ల్యూటీవో ఒప్పందం రైతు మెడకు ఉరితాడని ఇవి మొదట్నుంచీ అన్నాయి. వాటిని నిలబెట్టిన దత్తోపంత్ ఠేంగ్డీ సొంత ప్రభుత్వం మీదే ఢిల్లీలో సభ పెట్టి ఆర్థిక మంత్రిని తూర్పారబట్టారు. అంటే ఇక్కడ పార్టీ పునాది, మన రైతు సంఘాలు ఒకే మాట మీద ఉన్నాయి. అరుదైన సంగతి. ఏమైంది? 2001 ఏప్రిల్ 1న మిగిలిన 715 రకాల సరుకుల మీద దిగుమతి ఆంక్షలు ఎత్తేశారు. మరాకేష్‌లో సంతకం పెట్టింది కాంగ్రెస్ ప్రభుత్వం, జెనీవాలో కేసు ఓడిపోయాం, కాబట్టి తప్పలేదన్నారు. అందులో కొంత నిజం ఉంది. కానీ వంటనూనెల మాటేమిటి? 1990ల మధ్యలో 65 శాతం ఉన్న సుంకం ప్రభుత్వాలు మారుతూ మారుతూ తగ్గి 1998కి 15 శాతానికి వచ్చింది. అంత కిందికి దించమని ఏ డబ్ల్యూటీవో అడగలేదు. పామాయిల్ మీద 300 శాతం దాకా సుంకం వేసుకునే హక్కు మనకు ఆ ఒప్పందంలోనే ఉంది.

ఇది శనక్కాయ రైతుకు ఎట్లా తగులుతుందో కొత్తగా వచ్చిన పిల్లల కోసం చెబుతాను. మిల్లువాడు మన కాయను చూసి ధర కట్టడు. ఆ రోజు నూనె ధర చూసి కడతాడు. మలేషియా పామోలిన్ చవగ్గా ఓడల్లో దిగితే అంగట్లో జనం అదే కొంటారు, శనగనూనె డబ్బా కదలదు. డబ్బా కదలకపోతే మిల్లువాడు యార్డులో కాయ ఎత్తడు. మనం బస్తాల మీద రెండు రాత్రులు పడుకుని, మూడో రోజు వాడు చెప్పిన ధరకు తూకం వేయించుకుని వస్తాం. వానలు కూడా మొహం చాటేసిన ఆ ఏళ్లలో అనంతపురం జిల్లాలో ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో మనకు తెలుసు. గగ్గోలు పుట్టాక సుంకం మళ్లీ పెంచారు. అప్పటికే అప్పులు పెరిగిపోయాయి.

నన్ను చాలా కాలం తొలిచిన ప్రశ్న ఇది. మందిరం మాట ఎత్తిన పునాది ముందు ప్రధాని తలవంచాడు. స్వదేశీ మాట ఎత్తిన అదే పునాదిని పట్టించుకోలేదు. 1998లో జస్వంత్ సింగ్‌ను ఆర్థిక మంత్రిని చేద్దామంటే సంఘ్ అడ్డుపడిందని అప్పటి పత్రికలన్నీ రాశాయి. 2002లో అదే జస్వంత్ సింగ్ అదే కుర్చీలో కూర్చున్నారు. అంటే మితవాదికి తన వాళ్ల నుంచి స్వేచ్ఛ దొరకదనడం తప్పు, దొరుకుతుంది. అయితే ఎక్కడ దొరుకుతుందన్నదే ప్రశ్న. అవతలి వైపు వాళ్లకంటే బలమైనవాళ్లు నిలబడిన చోట దొరుకుతుంది. సుంకాల విషయంలో అవతల వ్యాపారులు, పరిశ్రమల వాళ్లు, అమెరికా ఉన్నారు. ఇవతల కిసాన్ సంఘ్ కార్యకర్త ఉన్నాడు. అతను సభకొస్తాడు, అరుస్తాడు, ఓటు రోజున మళ్లీ అదే గుర్తుకు వేస్తాడు. అది ఢిల్లీలో అందరికీ తెలుసు. మతం విషయంలో అట్లా కాదు. అక్కడ పునాదికి కోపమొస్తే పార్టీయే కదిలిపోతుంది. కాబట్టి ఆయన స్వతంత్రంగా పాలించిన చోట నష్టపోయింది మనం. పాలించలేకపోయిన చోట చచ్చిపోయింది గుజరాత్ ముస్లింలు.

మరి మన 29 మంది? వాళ్లు బయట నుంచి మద్దతిస్తున్నవాళ్లు, పీట లాగేస్తే ప్రభుత్వం ఇబ్బందిలో పడుతుంది. రాష్ట్రానికి నిధులు, బియ్యం తెచ్చుకున్నారు, కాదనను. పామాయిల్ మీద ఆ పీట కదిపినట్టు నాకు గుర్తు లేదు.

పార్టీల పేర్లు చెబుతున్నాను కదా అని ఒక పార్టీ మీదే పడ్డానని కొందరు ఉత్తరాలు రాస్తారు. అందుకని ఇంకొక సంగతి, ఇది మనకు పనికొచ్చేది. 2020లో మూడు సాగు చట్టాల ఆర్డినెన్సులు వచ్చినప్పుడు పంజాబ్ అకాలీదళ్ వాటిని సమర్థించింది. పెద్ద బాదల్ అంతటాయన రైతులకు భయం వద్దని చెప్పారు. కేంద్రంలో వాళ్ల మంత్రి హర్‌సిమ్రత్ కౌర్ ఉన్నారు. అప్పుడు పంజాబ్ ఊళ్లలో రైతులు ఏం చేశారు? అకాలీ నాయకుడు ఎంత మర్యాదస్తుడో చర్చించుకోలేదు. ఊళ్లోకి రావద్దన్నారు. సెప్టెంబరు 17న ఆమె రాజీనామా చేశారు. 26న పాతికేళ్ల పొత్తు తెగిపోయింది. అక్కడ పునాది రైతే, ఆ పునాది కదిలితే పార్టీ ఉండదని వాళ్లకు తెలిసింది. తెలిసినా ఆలస్యమైంది. 2022 ఎన్నికల్లో వాళ్లకు దక్కింది 3 స్థానాలు.

అదే బిల్లుల మీద మన దగ్గర ఏం జరిగింది? రాజ్యసభలో తెలంగాణ నుంచి టీఆర్ఎస్ వ్యతిరేకించింది. ఆంధ్రలో అధికారంలో ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్ మద్దతుగా మాట్లాడింది. ఆ రోజు మన ఊళ్లలో ఏ ఎంపీనీ ఎవరూ ఆపి అడగలేదు. మన సంఘం కరపత్రం వేసింది, తహసీల్దారు ఆఫీసు ముందు ధర్నా చేసింది, నలభై మంది కూడా రాలేదు. ఆ నలభై మందిలో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. ఎంపీకి మన వల్ల భయం లేదు, అందుకని మన మాట లెక్కలో లేదు.

కాబట్టి పోయిన నెల వాదులాడుకున్న ఇద్దరు తమ్ముళ్లకు నా జవాబు: అభ్యర్థి మంచివాడా కాదా అన్నది పెళ్లి సంబంధానికి అడగండి. ఓటుకు అడగాల్సినవి వేరే. ఆయన ప్రచారానికి డబ్బు పెడుతున్నదెవరు? విత్తన కంపెనీ డీలరా, మిల్లు యజమానా, రియల్ ఎస్టేటు ఆసామా? ఆయన ఎవరికి ఎదురు చెబితే వచ్చేసారి టికెట్టు పోతుంది? ఇంతకు ముందు పార్టీ ఒక వైపు, నియోజకవర్గం రైతులు ఒక వైపు నిలబడిన రోజు ఒకటైనా ఉందా, ఆ రోజు ఆయన ఎక్కడున్నాడు? ఉంటే ఆ రోజు తారీఖు చెప్పమనండి. పార్టీలో కష్టపడి కొంచెం ఎదురు తిరిగినవాళ్లు కూడా ఉంటారు, వాళ్లను గుర్తుపట్టాలి. అందర్నీ ఒకే గాటన కట్టమని నేను చెప్పడం లేదు. గుజరాత్ మీద మంత్రి పదవి వదులుకుని బయటికొచ్చిన రామ్‌విలాస్ పాశ్వాన్ కూడా అదే కూటమిలోనివాడే. తర్వాత 2014లో ఆయన మళ్లీ అక్కడికే చేరారు, అది కూడా గుర్తు పెట్టుకోవాలి.

వచ్చే నెల నుంచి మన మండలంలో అభ్యర్థులు ఊళ్లు తిరుగుతారు. సంఘం కమిటీ ఒక నిర్ణయం చేసింది. ఏ పార్టీవాడొచ్చినా రచ్చబండ దగ్గర కుర్చీ వేస్తాం, మంచినీళ్లిస్తాం, పై ప్రశ్నలు అడుగుతాం, జవాబులు పుస్తకంలో రాసి ఆయన చేతే సంతకం పెట్టిస్తాం. వంటనూనెల సుంకం, పంటల బీమా, కౌలు రైతు గుర్తింపు కార్డు, ఈ మూడింటి మీద ఆయన పార్టీ ఢిల్లీలో ఏం చేసిందో మన దగ్గర కాగితం ఉంటుంది. అది తయారు చెయ్యడానికి చదువుకున్న పిల్లలు నలుగురు కావాలి. పేర్లు ఈ నెల పదిహేనో తారీఖు లోపల సంఘం ఆఫీసులో ఇవ్వండి.