ఎడారి కోసం జైసల్మేర్ దాకా ఎందుకు? మైపాడు ఉంది కదా!

ఫ్రెషర్ల రెజ్యూమేలు ఓ నాలుగు తీసి చూడండి. ఏదో ఒకదాని చివర ‘హాబీస్: ట్రావెలింగ్’ అని కచ్చితంగా ఉంటుంది. ఇంటర్వ్యూలో ‘ఎక్కడికి వెళ్లారు?’ అని అడిగితే గోవా, ఊటీ అంటారు. ‘ఎవరు ప్లాన్ చేశారు?’ అంటే ‘ఫ్రెండ్స్ చూసుకున్నారు సర్’. అంతే, ఆ లైను అక్కడితో ఖాళీ.

ఇప్పుడు కొత్తగా ఎడారి రీల్స్ వచ్చాయి. జైసల్మేర్ దగ్గర సామ్ ఇసుక దిబ్బలు, టెంటు, చలిమంట, ‘నన్ను నేను కనుక్కున్నాను’ అనే క్యాప్షన్. అక్కడి టెంట్లు చాలావరకు మంచం, బాత్‌రూమ్ ఉన్న హోటల్ గదులే. జీపు వాళ్లదే, ఒంటె వాళ్లదే, భోజనం టైముకి వచ్చేస్తుంది. సరదాకి వెళ్తే తప్పేం లేదు. కానీ అందులో మీరు తీసుకున్న నిర్ణయం ఒక్కటి చెప్పండి చూద్దాం. పైగా ఉద్యోగం లేనప్పుడు దానికోసం అప్పు చేయడం, ఇంట్లో కోచింగ్ ఫీజని చెప్పి ఆ డబ్బుతో వెళ్లడం నాకు అస్సలు నచ్చదు.

అయితే ‘ముందు ఉద్యోగం రానీ, తర్వాత తిరుగుదాం’ అనే మాట కూడా నాకు నచ్చదు. 2022, 2023 బ్యాచ్‌లలో ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని జాయినింగ్ మెయిల్ కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు మీ సీనియర్లలోనే ఉంటారు. ఆ నెలలన్నీ ఫోన్ రిఫ్రెష్ చేయడంలోనే గడిచిపోయాయి. ఎదురుచూపుల మధ్యలో రెండు రోజులు తీసి, సొంత బరువు సొంత వీపు మీద వేసుకుని, మనుషులు తక్కువగా ఉండే ఇసుక నేలలో నడిచి ఓ రాత్రి గడిపి రండి అంటాను. దానికి రాజస్థాన్ దాకా వెళ్లనక్కర్లేదు. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో మైపాడు ఉంది.

మైపాడు ఎడారి కాదు, ఆ మాట ముందే ఒప్పుకుందాం. మన రాష్ట్రంలో ఎడారిలాంటి చోటు చూడాలంటే అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలోని దర్గాహొన్నూరు వైపు వెళ్లాలి. హగరి అని కూడా పిలిచే వేదవతి నది ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలు కట్టిన చోటది. అక్కడి రైతులకు ఆ ఇసుక కష్టం, మనకు పిక్నిక్ స్పాట్ కాకూడదు. మైపాడు సంగతి వేరు. బజ్జీల బండ్లు, ఆదివారం జనం ఉన్న ముక్క దాటి దక్షిణంగా కోడూరు వైపు ఓ గంట నడిస్తే ఎడారి పెట్టే పరీక్షలు మూడూ ఎదురవుతాయి. నీడ ఉండదు, తాగే నీళ్లు ఉండవు, కాలు దిగబడే ఇసుక ఉంటుంది. కుడివైపు సరుగుడు తోటలు, వాటి వెనక రొయ్యల గుంటలు, ఇంకా లోపలికి బకింగ్‌హాం కాలువ. ఎటు చూసినా నీళ్లే, తాగడానికి చుక్క పనికిరాదు. అక్కడక్కడా పట్టపుపాళేలు.

అసలు సబ్జెక్టు నీళ్లే. ఎండలో నడిచేవాడికి వంటతో కలిపి రోజుకి ఐదు లీటర్లు వేసుకోండి. రెండు రోజులకి పది లీటర్లు, అంటే పది కిలోలు. వీపు మీద మోసే బరువు ఒంటి బరువులో ఐదో వంతు దాటకపోతే మంచిది. అరవై కిలోల మనిషికి పన్నెండు కిలోలు. నీళ్లకే పది పోతే టెంటు, స్టవ్, తిండి, దుప్పటి అన్నీ కలిపి రెండు కిలోల్లో ఎలా సర్దుతారు? కుదరదు. పైగా మెత్తని ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద కంటే దాదాపు రెట్టింపు శక్తి కావాలి. అలల అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుంది కాబట్టి అక్కడ నడవాలి, కానీ పోటు సమయంలో ఆ దారే ఉండదు. మరేం చేయాలి? చాలామంది పెద్ద బ్యాగు కొంటారు. నా లెక్కలో సరైన జవాబు, నీళ్లు దొరికే చోట్ల మధ్య దూరం తగ్గించుకోవడం. ఏ పాళెంలో మంచినీళ్లు దొరుకుతాయో ముందే వెళ్లి కనుక్కుంటే, మోసేది ఐదు లీటర్లకు దిగుతుంది. ఈ సంగతి ఏ యాప్‌లోనూ ఉండదు. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పక్కన కూర్చుని ‘అన్నా, ఈ పక్క మంచినీళ్లు యాడ దొరుకుతాయి?’ అని అడగాలి. క్లయింట్‌తో మాట్లాడి అవసరం తెలుసుకోవడం అని మన సిలబస్‌లో ఓ చాప్టర్ ఉంటుంది కదా, అదే ఇది.

ఫోన్ విషయానికొస్తే, ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకోండి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా జీపీఎస్ పనిచేస్తుంది, బ్యాటరీ మిగులుతుంది. పది వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఐదు వేల ఎంఏహెచ్ ఫోన్‌ని రెండుసార్లు నింపుతుందనుకోకండి. వోల్టేజి మార్పిడిలో, వేడిలో పోయేది పోగా ఒకటింపావు సార్లు వస్తే గొప్ప. మ్యాప్‌నీ గుడ్డిగా నమ్మకండి. ఉత్తరాన పెన్నా సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలు వరదకీ అలకీ జరుగుతూ ఉంటాయి. ఎప్పుడో తీసిన శాటిలైట్ బొమ్మలో నేల ఉన్నచోట ఇప్పుడు నీళ్లుండొచ్చు. కాలువ మొగ ఎదురైతే ఈది దాటే ప్రయత్నం చేయొద్దు, వెనక్కి తిరగండి.

టెంటు మేకులు ఇసుకలో నిలవవు. చిన్న సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, అడుగు లోతున పాతాలి. పోటు వదిలిపెట్టిన చెత్త గీత కంటే బాగా పైన వేసుకోవాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇంకా పైకి. సరుగుడు తోటల్లో మంట పెట్టొద్దు, రాలిన ఆకు ఇట్టే అంటుకుంటుంది. సముద్రంలోకి అసలు దిగొద్దు. ఈ తీరంలో ఏటా కుర్రాళ్లు కొట్టుకుపోయిన వార్తలు ఈ పేపర్లోనే చదువుతుంటారు. మందు బాటిల్ తెచ్చే ఫ్రెండుని ఇంటి దగ్గరే వదిలేయండి. బయల్దేరేముందు స్థానిక పోలీసులకీ పాళెం పెద్దలకీ చెప్పండి, వద్దంటే మానేయండి. ఇంట్లో కూడా ఎక్కడ ఉంటారో, ఎన్ని గంటలకు ఫోన్ చేస్తారో రాసిచ్చి వెళ్లండి. ఆ గంట దాటితే 112కి చెయ్యమనండి.

ఓ చిన్న నోటుబుక్ పెట్టుకోండి. ఈ విషయంలో మనకో పాత సీనియర్ ఉన్నాడు, ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి. 1830 మేలో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. పల్లకీ, పరివారం ఉన్న యాత్ర అది, మన బ్యాక్‌ప్యాక్ కాదు. కానీ ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తెరిస్తే ఏ మజిలీలో నీళ్లెలా ఉన్నాయి, దారి ఎలాంటిది, ఏ సరుకు దొరుకుతుంది అని రోజువారీగా రాసి ఉంటుంది. దాదాపు రెండొందల ఏళ్ల తర్వాత కూడా ఆ రాత పనికొస్తోంది. మీరూ అలాగే ఎన్ని లీటర్లు మోశారు, ఎన్ని మిగిలాయి, ప్లాన్ ఎక్కడ మార్చారు, ఎందుకు మార్చారు అన్నవి రాయండి. ఫోటోల కంటే ఆ పేజీ విలువైనది.

ఇవన్నీ రాస్తున్నప్పుడు ఒక విషయం నన్ను కుదురుగా ఉండనివ్వదు. ‘అడ్వెంచరస్‌గా ఉండాలి’ అని సలహాలిచ్చే కెరీర్ గురువులు ఇది ఎవరికి కుదురుతుందో ఆలోచించరు. మీ క్లాసులో సగం మంది అమ్మాయిలకు తీరంలో రాత్రి గడపడానికి ఇంట్లో ఒప్పుకోరు. ఒప్పుకున్నా భద్రత ఉందని నేను ధైర్యంగా చెప్పలేను. అందుకే నలుగురైదుగురు కలిసి పగటి నడక పెట్టుకోండి, రాత్రికి ఆ చుట్టుపక్కల ఊళ్లలో క్లాస్‌మేట్ ఇల్లుంటే అక్కడ ఆగండి. నీళ్ల లెక్క, దారి లెక్క, రాత ఏమీ మారవు. రాత్రి బయట పడుకోలేదని ఆ అనుభవానికి మార్కులు తగ్గించే ఇంటర్వ్యూయర్ ఉంటే, లోపం ఆయనది.

అలాగని రెండు రోజుల నడక ఏడాది గ్యాప్‌ని పూడ్చేస్తుందని నేననడం లేదు. కోడింగ్ రౌండులో ఇసుక పనికిరాదు. ‘ఈ గ్యాప్ ఏంటి?’ అన్న ప్రశ్నకి మైపాడు జవాబు కాదు, మీ ప్రాజెక్టులే జవాబు. కానీ ‘పరిమితుల మధ్య తీసుకున్న నిర్ణయం ఒకటి చెప్పండి’ అనే హెచ్‌ఆర్ ప్రశ్న ఉంది చూడండి, దానికి అందరూ కాలేజీ ఫెస్ట్ కథే చెబుతారు. పది లీటర్లని ఐదుకి ఎలా దించారో, పోటు ముంచుకొస్తే దారి ఎలా మార్చుకున్నారో మీరు చెబితే వినేవాడు తల ఎత్తి చూస్తాడు. అదీ నిజంగా మీరే ప్లాన్ చేసుంటేనే. రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

వెళ్లాలంటే జనవరి, ఫిబ్రవరి మంచివి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్లు, ఆ మూడు నెలలూ వద్దు. మార్చి దాటితే ఎండ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, సముద్రం మీద బోట్లు పలచబడతాయి, ఆపదలో చూసే కళ్లూ తగ్గుతాయి. ఇంకొకటి, మీరు వెళ్లే నెలల్లోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి ఈ ఇసుక మీదికి వస్తాయి. టార్చి, ఫోన్ ఫ్లాష్ చూస్తే బెదిరి వెనక్కి పోతాయి. ఒకటి కనిపిస్తే లైటు ఆర్పేసి, ఉన్నచోటే కదలకుండా కూర్చోండి.