సంయోజక కణజాలం తెలుగులో చెప్పదగిన పాఠమే



హొసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో తెలుగు చదువును గురించి మాట్లాడుకొనేటప్పుడు మనం పద్యం, వ్యాకరణం, కథ అనే మూడింటి దగ్గరే ఆగిపోతున్నాము. విజ్ఞానశాస్త్రం మాట వచ్చేసరికి "అది తెలుగులో చెప్పేది కాదులే" అని పక్కకు తప్పుకొంటున్నాము. ఈ ధోరణి సరికాదని నా అభిప్రాయం. దానిని ఊరికే ప్రకటించక, ఒక పాఠాన్నే మీ ముందుంచి నిరూపించే ప్రయత్నం చేస్తాను. ఉన్నత పాఠశాలలో పిల్లలు అర్థం తెలియకుండా వల్లెవేసే పాఠాలలో ఒకటి సంయోజక కణజాలం. దానినే ఎంచుకొన్నాను.

మన శరీరంలో ప్రధానంగా నాలుగు రకాల కణజాలాలు ఉన్నాయి. ఉపకళా కణజాలం కప్పుతుంది, కండర కణజాలం కదిలిస్తుంది, నాడీ కణజాలం వార్తలు మోస్తుంది. వీటన్నిటినీ కలిపి, నిలబెట్టి, ఆహారం అందేటట్లు చూసేది సంయోజక కణజాలం. తక్కిన మూడింటిలో కణాలదే ప్రాధాన్యం. ఇందులో మాత్రం కణాలు చెదురుమదురుగా ఉంటాయి, వాటి నడుమనున్న పదార్థమే ఎక్కువ. ఈ ఒక్క భేదం పట్టుబడితే పాఠంలో సగం పట్టుబడినట్లే.

ఈ కణజాలంలో భాగాలు మూడు: కణాలు, తంతువులు, ఆధార పదార్థం. తంతువులు, ఆధార పదార్థం కలిసినదానిని మాత్రిక అంటారు.

మొదట తంతువుల సంగతి. తంతువు అనగానే పిల్లవాడు బిక్కమొగం వేస్తాడు. కాని పీచు, నార, పోగు, దారం అన్న మాటలు వాడికి తెలియనివా? మామిడి తోటల నడుమ పెరిగే కృష్ణగిరి పిల్లలకు పీచు మామిడి అంటే ఏమిటో ఎవరైనా చెప్పాలా? చెట్టులోని పీచు వేరు, దేహంలోని పీచు వేరు అని హెచ్చరించి, ఆ మాటతోనే పాఠం మొదలుపెట్టవచ్చు. దేహంలోని పీచులు మూడు విధాలు. కొల్లాజెన్ తంతువులు లాగినా తెగని గట్టివి. స్థితిస్థాపక తంతువులు సాగి మళ్ళీ యథాస్థితికి వచ్చేవి. జాలక తంతువులు సన్నని వలవలె అల్లుకొని మెత్తని అవయవాలకు ఆసరా ఇచ్చేవి. మడమ వెనుక తాడువలె చేతికి తగిలేది కొల్లాజెన్ పోగుల కట్ట. చెవి డొప్పను మడిచి వదిలితే మళ్ళీ నిలబడడానికి కారణం దాని మృదులాస్థిలోని స్థితిస్థాపక తంతువులు. ఈ రెండు పరీక్షలకు ప్రయోగశాల అక్కరలేదు.

ఇక ఆధార పదార్థం. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. నీటిని పెద్దయెత్తున పట్టి ఉంచే చక్కెర జాతి గొలుసులు, వాటితో కూడిన మాంసకృత్తులు, నీరు కలిసిన చిక్కని జిగురు ఇది. సబ్జా గింజలను నీటిలో నానవేసి చూపండి. గింజ చుట్టూ తెల్లగా ఉబ్బిన జిగురు నీటిని ఎట్లా పట్టి ఉంచుతుందో పిల్లలే చెబుతారు. దేహంలో ఆ పని చేసేవాటిలో హయలురోనిక్ ఆమ్లం ముఖ్యమైనది. రక్తనాళం నుండి ఆహారం, ప్రాణవాయువు కణానికి చేరడం ఈ జిగురు గుండానే జరుగుతుంది.

మూడవది కణాలు. పీచును, జిగురును తయారుచేసేవి ఫైబ్రోబ్లాస్టులు. క్రిములను, చెత్తను మింగేవి స్థూలభక్షక కణాలు. వాపు, దురద కలిగించే హిస్టమిన్‌ను విడుదల చేసేవి మాస్ట్ కణాలు. ప్రతిరక్షకాలను తయారుచేసేవి ప్లాస్మా కణాలు. కొవ్వును దాచేవి కొవ్వు కణాలు.

ఈ మూడింటి పాళ్ళు మారితే కణజాలం రూపమే మారిపోతుంది. మాత్రికలో కాల్షియం లవణాలు చేరితే ఎముక. బిగువైన జిగురుగా ఉంటే మృదులాస్థి. ద్రవంగా ఉంటే రక్తం. రక్తం సంయోజక కణజాలం ఎట్లా అయిందని అడిగే పిల్లవానికి "ప్లాస్మా అనే ద్రవంలో కణాలు చెదిరి ఉన్నాయి కదా" అని చెబితే చాలు. కోడికాలి ఎముకను వినిగర్‌లో కొన్ని రోజులు ఉంచితే లవణాలు కరిగిపోయి, మిగిలిన పీచు వలన అది వంగుతుంది. అదే ఎముకను కాల్చితే పీచు పోయి, రూపం మిగిలినా పొడిపొడి అవుతుంది. మేక కాళ్ళ పులుసు చల్లారితే గడ్డకట్టడానికి కారణం కూడా ఉడికి జెలటిన్‌గా మారిన కొల్లాజెనే. వంటింటిలో తల్లి చెప్పగల పాఠమిది.

ఇది పరాయి దేశపు విజ్ఞానమని కూడా అనుకోవద్దు. కొల్లాజెన్ అణువులో మూడు పేటలు త్రాడువలె పెనవేసుకొని ఉంటాయని 1954, 1955 సంవత్సరాలలో ప్రతిపాదించినవారు మదరాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. దానికి కావలసిన కంగారూ తోక స్నాయువు మదరాసులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ నుండి లభించింది. తోలు పదును పెట్టడమంటే చర్మంలోని కొల్లాజెన్ కుళ్ళిపోకుండా కట్టుదిట్టం చేయడమే. మన ప్రాంతాలలో తరతరాలుగా తంగేడు చెక్కతో చేసిన పని అదే. 1958 నుండి 1971 వరకు ఆ సంస్థకు సంచాలకులుగా ఉన్నవారు గుంటూరు ప్రాంతపు యలవర్రులో పుట్టిన తెలుగువాడు యలవర్తి నాయుడమ్మ. ఈ పేర్లు మన తెలుగు తరగతిలో వినబడవద్దా?

కొందరు తల్లిదండ్రులు అడుగుతారు: "పైచదువంతా ఇంగ్లీషులోనే కదా, ఈ తెలుగు మాటలు దేనికి?" న్యాయమైన ప్రశ్న. నా సమాధానం ఇది. పిల్లవానికి ఇంగ్లీషు మాట తప్పక రావాలి. కాని అర్థం ముందు రావాలి. మన ఇండ్లలో "నరం పట్టింది", "నరం బెణికింది" అంటాము. రక్తనాళానికీ నరమే, నాడికీ నరమే, స్నాయువుకూ నరమే. పక్కనున్న తమిళంలో నరంబు సంగతి కూడా అంతే. ఈ మూడూ వేరని తన భాషలో ఎవరూ విడదీసి చెప్పని పిల్లవాడు, ఇంగ్లీషులో మూడు పేర్లు కంఠస్థం చేసినా మనసులో ఒకే నరంతో మిగిలిపోతాడు. ఇంటి మాటను పదును పెట్టడం తెలుగు ఉపాధ్యాయుని పని, దానిని జీవశాస్త్ర ఉపాధ్యాయునికి వదలివేయరాదు.

మరొక వైపు లోపం కూడా ఉంది. సంస్కృత సమాసాలు కట్టి, వాటిని బట్టీ పట్టించి, తెలుగులో చెప్పామని తృప్తిపడడం. ఉపకళ, జాలకం, మాత్రిక అన్న మాటలు పిల్లవానికి ఇంగ్లీషు ఎంత దూరమో అంతే దూరం. పీచు నుండి తంతువుకు, జిగురు నుండి ఆధార పదార్థానికి, అక్కడి నుండి ఇంగ్లీషు పేరుకు నడిపించాలి. ఈ వరుస తలక్రిందులైతే ఏ మాధ్యమమైనా ఒకటే.

1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం మాతృభాషా బోధనకు వసతులు కల్పించమని చెప్పినది ప్రాథమిక దశకే. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటవ తరగతితో మొదలై ఏటేటా పైతరగతులకు సాగింది. చట్టాల విషయమై మన విన్నపాలు మనం చేసుకొందాము, అది అవసరమే. అయితే తొమ్మిదవ తరగతి పిల్లవాడు కణజాలాన్ని తన భాషలో ఆలోచించడానికి ఏ చట్టమూ అడ్డు రాదు, ఏ చట్టమూ చాలదు. అది తరగతి గదిలోను, వంటింటిలోను జరగవలసిన పని.

కాబట్టి మూడు పనులు కోరుతున్నాను. తెలుగు ఉపాధ్యాయులు వారానికి ఒక పీరియడులో కొంత భాగం విజ్ఞాన పాఠంలోని మాటలకు కేటాయించాలి. ప్రతి మాటకు ఇంటి మాట, పుస్తకపు మాట, ఇంగ్లీషు మాట పక్కపక్కనే రాయించాలి. తమిళంలో ఇణైప్పు తిసు, కన్నడంలో సంయోజక అంగాంశ అని కూడా చేర్చితే మొరసునాటి పిల్లలకు బరువు కాదు, వాళ్ళ చెవులకు ఆ మూడు భాషలూ అలవాటే. తల్లిదండ్రులు చేయవలసినది ఇంకా సులభం. పిల్లవాడు చదివిన పాఠాన్ని రాత్రి భోజనం దగ్గర తెలుగులో చెప్పమని అడగండి. చెప్పలేకపోతే కోప్పడవద్దు. ఏ మాట దగ్గర ఆగిపోయాడో గుర్తుపెట్టుకొని, మరునాడు మా దగ్గరకు పంపండి.