మన గ్రాంథిక ఇంగ్లీషు

పోయిన వేసవిలో ఇండియా వెళ్ళినప్పుడు నరసరావుపేటలో మా అక్కావాళ్ళింట్లో భోజనాల దగ్గర మళ్ళీ అదే గొడవ. తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా? మా బావది ఒక పక్షం, మా బాబాయిది ఇంకో పక్షం. 2019 నవంబరులో వచ్చిన జీవో 81 దగ్గర మొదలుపెట్టి, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసిన దాకా వచ్చి, అక్కణ్ణుంచి తెలంగాణ వాళ్ళు 2022-23లో ప్రభుత్వ బళ్ళలో ఇంగ్లీషు మీడియం పెట్టిన సంగతిలోకి వెళ్ళి, పెరుగన్నం దాకా లాగారు. నాకు విసుగు పుట్టింది. పక్కనే కూర్చున్న మేనల్లుణ్ణి పిలిచాను. ఏడో తరగతి. ఎల్కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియమే. "ఒరేయ్, ఇవాళ పొద్దున్నించి మనింట్లో ఏం జరిగిందో ఇంగ్లీషులో ఓ నాలుగు లైన్లు రాసివ్వరా" అన్నాను.

వాడు కాసేపు నా మొహంలోకి చూసి, "అది ఏ లెసన్లోది మావయ్యా?" అన్నాడు.

బావా నవ్వాడు, బాబాయీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే వాడు అడిగిందాంట్లో తప్పేం లేదు. లెసన్లో లేని ఇంగ్లీషు ఒకటుంటుందని వాడికెవరూ చెప్పలేదు.

నేను చదివింది జిల్లా పరిషత్ హైస్కూల్లో, తెలుగు మీడియం. మా రోజుల్లో లీవ్ లెటర్ అంటే ఒకటే లీవ్ లెటర్. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్". అక్క పెళ్ళికి వెళ్ళాలన్నా జ్వరమే, పత్తి తియ్యడానికి నాన్నకి సాయం కావాలన్నా జ్వరమే. పెళ్ళని రాయాలంటే ఎవరికీ రాదు, జ్వరమైతే బట్టీ వచ్చు. మా హెడ్మాస్టరుగారు కూడా ఏమీ అనేవారు కాదు, పాపం ఆయనకీ అదే సుఖం. ఇప్పుడు అదంతా మారిపోయిందంటారు. నిజమే, పుస్తకం మారింది. పదో తరగతి ఇంగ్లీషు వాచకానికి "అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లీష్" అని పేరు పెట్టారు. చక్కటి పేరు. అందులో డైరీ రాయమంటారు, నోటీసు రాయమంటారు, ఇద్దరి మధ్య సంభాషణ రాయమంటారు. చేసినవాళ్ళెవరో మంచి ఉద్దేశంతోనే చేశారు. మనవాళ్ళు ఊరుకుంటారా? పుస్తకం వచ్చిన వెంటనే గైడూ వచ్చింది. గైడులో డైరీ కూడా ఉంది. అంటే ఇంకొకడు రాసిన డైరీని మన పిల్లాడు బట్టీపట్టి, ఆ రోజు తనకెంత ఆనందం కలిగిందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటాడన్నమాట. నా మటుకు నాకు, దీనికన్నా ఆ జ్వరమే నయం.

ఇంతకీ ఈ ఉక్రోషమంతా ఎందుకంటే, ఇక్కడ బురైదాలో ఒకాయన కథ చెప్పాలి.

బురైదా ఖసీం రాష్ట్రానికి రాజధాని. రియాద్ నుంచి మూడొందల కిలోమీటర్ల పైచిలుకు. ఖర్జూరాలకి పేరు. ఆగస్టులో మార్కెట్‌కి తెల్లారకుండానే వెళ్తే పికప్పు బళ్ళు వరసకట్టి ఉంటాయి, సుక్కరీ పెట్టెల వేలం పాట మన గుంటూరు మిర్చి యార్డుని గుర్తుకు తెస్తుంది. నేనిక్కడ గోడౌన్లలో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేరు పెట్టే పని మీద వచ్చి నాలుగేళ్ళయింది. నేనేసీలో కూర్చుని స్క్రీన్ మీద చూసే పెట్టెల్ని అవతల నిజంగా మోసేవాళ్ళలో మనవాళ్ళు బోలెడుమంది. జగిత్యాల, నిజామాబాదు, సిరిసిల్ల, కడప. వాళ్ళలో ఒకాయనది మెట్‌పల్లి దగ్గర పల్లె. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేనాయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను సారూ అంటాడు. మానమంటే మానడు.

ఆయన కాంట్రాక్టు రెన్యువల్‌కి వచ్చింది. ఫోన్లో మెసేజీ, దాని వెంట కాంట్రాక్టు, ఒక పక్క అరబ్బీ, ఒక పక్క ఇంగ్లీషు. పాత జీతం బేసిక్ వెయ్యి రియాళ్ళు, ఫుడ్ అలవెన్సు మూడొందలు. కొత్త దాంట్లో బేసిక్ పదకొండొందలు. అంకెలు చదవడానికి ఏ భాషా అక్కర్లేదు కదా. వంద పెరిగిందని సంతోషపడి "అగ్రీ" నొక్కేశాడు, ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాడు కూడా. నెలాఖరుకి పదమూడొందల బదులు పదకొండొందలే పడ్డాయి. "సారూ, గిండ్ల ఏమున్నదో జర చూడున్రి" అని ఫోన్ పట్టుకొచ్చాడు. బేసిక్ కింద ఒకే లైను: "ఇన్‌క్లూజివ్ ఆఫ్ ఫుడ్ అలవెన్స్".

ఒక్క మాట. ఇన్‌క్లూజివ్. నెలకి రెండొందల రియాళ్ళు. అక్కడితో ఆగదు. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగం వదిలి వెళ్ళేప్పుడిచ్చే డబ్బు చివరి జీతం మీద లెక్క. మొదటి ఐదేళ్ళకి ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల. ఆయనకి పదకొండేళ్ళ సర్వీసు. అంటే ఎనిమిదిన్నర నెలల జీతం. నెలకి రెండొందలు తగ్గితే అక్కడ ఇంకో పదిహేడు వందలు పోయినట్టే. ఈ లెక్క నేను వేసి చూపిస్తుంటే ఆయనేం మాట్లాడలేదు, చేతిలో ఉన్న టీ కప్పు కింద పెట్టేశాడు.

మీరిప్పుడు అడగబోయేది నాకు తెలుసు. ఫోన్ కెమెరా పెడితే తెలుగులోకి మార్చి చూపిస్తుంది కదా అని. ఆయన అదీ చేశాడు, నొక్కకముందే చేశాడు. తెరమీద వచ్చిన తెలుగు ఇది: "ఆహార భత్యముతో సమ్మిళితమైన మూల వేతనము". చెప్పొద్దూ, ఎమ్మెస్ చదివిన నేనే రెండుసార్లు చదువుకోవాల్సి వచ్చింది. "గది తెలుగేనా సారూ?" అన్నాడాయన.

ఇంకో తమాషా చూడండి. మన 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, పదో తరగతి పాసవనివాళ్ళు పనికోసం సౌదీ లాంటి పద్దెనిమిది దేశాలకి వెళ్ళాలంటే ముందు ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకోవాలి. కాంట్రాక్టు కాగితాలు చూసిగానీ పంపరు. పదో తరగతి పాసైతే ఆ చెక్ అక్కర్లేదు. ఎందుకు? చదువుకున్నవాడు కాబట్టి తన కాంట్రాక్టు తనే చూసుకోగలడని. మా అన్న పదో తరగతి పాస్. ఇంగ్లీషులో యాభై పైన వచ్చాయట. ఆ యాభై మార్కులు చూసి ప్రభుత్వం ఆయనకున్న ఒక్క గొడుగూ తీసేసింది. ఆ మార్కులు దేనికొచ్చాయో ప్రభుత్వానికి తెలియదా? ఆ పరీక్ష పెట్టిందీ ప్రభుత్వమే కదా!

ఇక్కడో పాత సంగతి చెప్పాలి. నూరేళ్ళ పైమాట. యేట్సు అని ఒక ఇంగ్లీషు దొర బళ్ళ ఇన్‌స్పెక్టరుగా విశాఖపట్నం వైపు వచ్చాడు. తెలుగు నేర్చుకుందామని కూర్చుంటే, పుస్తకంలో తెలుగు ఒకటి, బజార్లో తెలుగు ఇంకొకటి. ఇదేమిటని ఆయన అడిగిన ప్రశ్న ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గురజాడకీ, గిడుగు రామమూర్తికీ చేరింది. తర్వాత వ్యావహారిక భాష కోసం గిడుగు జీవితమంతా పోట్లాడిన కథ మీకు తెలిసిందే, ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా దండలేస్తూనే ఉన్నాం. ఆ గిడుగే పర్లాకిమిడిలో ఉండగా సవరల దగ్గరే కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశాడు. గురజాడ తన డైరీలు ఇంగ్లీషులో రాసుకున్నాడు. గైడులోంచి కాదు, తన రోజు గురించి.

దొర అడిగిన ప్రశ్నని మనం ఇప్పుడు ఇంగ్లీషు గురించి ఎందుకడగమో నాకర్థం కాదు. తెలుగులో గ్రాంథికాన్ని వదిలించుకున్నామని చంకలు గుద్దుకుంటూ, ఇంగ్లీషులో ఓ గ్రాంథికాన్ని తయారుచేసి పిల్లల నెత్తిన పెట్టాం. ఎవరూ మాట్లాడని, ఎవరికీ ఉత్తరం రాయని, ఏ కాగితం మీదా కనపడని ఇంగ్లీషు. మీడియం ఏదైనా అదే పుస్తకం, అదే గైడు. పైగా దీనికి విరుగుడని అమీర్‌పేటలో ముప్పై రోజుల స్పోకెన్ ఇంగ్లీషు. అక్కడ నేర్పేదేమిటి? "మే ఐ నో యువర్ గుడ్ నేమ్" అని అడగడం. ఇంకొందరు పెద్దమనుషులు రోజూ హిందూ పేపర్లో సంపాదకీయం చదవమంటారు. నేనూ ఇంటర్లో ఏడాదిపాటు చదివాను, కష్టమైన మాటలు నోట్సులో రాసుకున్నాను. ఆ నోట్సు ఇంకా మా అమ్మ అటకమీద ఉంది. అందులోవి ఒక్కటీ వాడిన పాపాన పోలేదు.

నాకు ఇంగ్లీషు ఎక్కడ వచ్చిందో చెప్తే నవ్వుతారు. బగ్ రిపోర్టుల్లో. మొదటి ఉద్యోగంలో టెస్టింగ్‌లో వేశారు. తప్పు దొరికితే మూడు వాక్యాలు రాయాలి. నేనేం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది. అంతే. అలంకారాలు లేవు, "రెస్పెక్టెడ్ సర్" లేదు. ఎక్కడో పూనాలోనో బోస్టన్లోనో కూర్చున్నవాడికి అర్థం కాకపోతే తిరిగి రాస్తాడు, "అర్థం కాలేదు, మళ్ళీ రాయి" అని. ఒక్క ఏడాదిలో వచ్చిన ఇంగ్లీషు అంతకుముందు పదిహేనేళ్ళలో రాలేదు. నిన్న జరిగింది రాశాను, దాన్ని ఒకడు నిజంగా చదివాడు. ఈ రెండూ మా బళ్ళో ఎప్పుడూ జరగలేదు.

అందుకని ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నాలు మా గదిలో ఓ ఆరుగురం కూర్చుంటున్నాం. తెచ్చుకునేది పుస్తకం కాదు. ఎవరి ఫోన్లో వచ్చిన మెసేజీ వాళ్ళు, ఎవరి మందు సీసా వాళ్ళు, జీతం స్లిప్పు, కోల్డ్ స్టోరేజీ గోడమీది నోటీసు ఫోటో. చదవడం అవే. రాయడానికి ఆ మూడు వాక్యాలే. మొదటి వారం ఒకాయన రాసింది: "ఏసీ నాట్ వర్కింగ్. ఐ టోల్డ్ సండే. టుడే ఫ్రైడే. నోబడీ కేమ్." ఇందులో తప్పులెన్నో మా మేనల్లుడు చెప్పగలడు. ఇలాంటిది ఒక్కటి రాయగలడా అని నా ప్రశ్న.

మా ఆఫీసులో ఓ తెలుగాయన, పెద్ద హోదా, ఇది విని తేల్చేశాడు: "ఇది గుమాస్తా ఇంగ్లీషండీ. సాహిత్యం లేకుండా భాషేమిటి?" సాహిత్యం వద్దని ఎవరన్నారు? తన జీతం కాగితం చదువుకోలేనివాడికి డఫడిల్ పూల పద్యం బట్టీ పట్టించడం సాహిత్య సేవ కాదంటున్నాను. ఆ పువ్వు మా మాస్టారూ చూళ్ళేదు, మేమూ చూళ్ళేదు.

ఇంకో అభ్యంతరం ఉంది, దీనికి మాత్రం బలముంది. సౌదీలో ఇంగ్లీషుతో ఏం పని, అరబ్బీ నేర్చుకోవాలి గానీ అని. నిజమే. ఇక్కడి కార్మిక చట్టం తొమ్మిదో అధికరణం ప్రకారం కాంట్రాక్టు రెండు భాషల్లో ఉంటే చెల్లేది అరబ్బీ పాఠమే. మా అన్నకి చెవులతో వచ్చిన అరబ్బీ నాకన్నా వందరెట్లు నయం, సూపర్వైజరుతో పోట్లాడగలడు. కానీ అక్షరాలు రావు. ఇంగ్లీషు అక్షరాలు ఆరో తరగతి నుంచీ చేతిలో ఉన్నాయి, ఐదేళ్ళు చదివాడు. ఉన్నదాన్ని వాడుకోలేకపోవడం మీద నా ఏడుపు. ఎవరికైనా అరబ్బీ రాత నేర్పే ఓపిక ఉంటే శుక్రవారం రండి, టీ నేను పెడతాను :-)

అన్న విషయానికొస్తే, ఫిర్యాదు నేను రాసిస్తానన్నాను. రాస్తే బ్రహ్మాండంగా రాసేవాణ్ణి, సెక్షన్లతో సహా. ఆయన ఒప్పుకోలేదు. రెండు శుక్రవారాలు కూర్చుని తనే రాశాడు. "ఓల్డ్ కాంట్రాక్ట్ బేసిక్ థౌజండ్, ఫుడ్ త్రీ హండ్రెడ్. న్యూ కాంట్రాక్ట్ ఎలెవెన్ హండ్రెడ్, ఫుడ్ ఇన్‌సైడ్. నోబడీ టోల్డ్ మీ ఫుడ్ ఇన్‌సైడ్." "ఇన్‌క్లూజివ్" అని దిద్దబోయి ఆగిపోయాను. ఆ "ఇన్‌సైడ్" అర్థం కానివాడెవడూ లేడు. ఆ కాంట్రాక్టులో మొదటే అలా రాసుంటే ఈ గొడవే లేదు.

నాలుగు రోజులకి ఆఫీసు నుంచి జవాబొచ్చింది. కాంట్రాక్టు మీరు ఒప్పుకున్నారు కాబట్టి మార్పు ఉండదని. అది ఆయనే చదువుకుని నాకు ఫోన్ చేసి చెప్పాడు, "యాజ్ పర్" అంటే ఏమిటని మాత్రం అడిగాడు. ఆ రాత్రే తిరిగి రాశాడు: "ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్ ఫుడ్ లైన్. ప్లీజ్ షో మీ సేమ్ లైన్ ఇన్ అరబిక్." ఇది నేను చెప్పింది కాదు, ఆ ఆలోచన ఆయనదే. దీనికి మాత్రం మర్నాడే పిలుపొచ్చింది, ఆదివారం ఆఫీసుకొచ్చి కలవమని.

నేను సెలవు పెట్టి వెంట వస్తానన్నాను.

"మీరెందుకు సారూ, నేనే పోత" అన్నాడు.