తలుపు అవతల ఎవరో తెలిసిందా?

2023 ఏప్రిల్ 15 రాత్రి, అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో హెబ్రోను అనే గ్రామీణ ప్రాంతం. కొందరు స్నేహితులు ఒక మిత్రుని ఇల్లు వెదుకుతూ పొరపాటున వేరొకరి ఇంటి ఆవరణలోకి బండ్లు తిప్పారు. ఇది కాదని తెలిసి వెనుదిరుగుతుండగా ఇంటి యజమాని వరండాలోనుంచి షాట్‌గన్ రెండుసార్లు పేల్చాడు. కారులో ఉన్న 20 ఏళ్ల యువతి చనిపోయింది. మొదటిది హెచ్చరిక కోసమని, రెండోది కాలు తడబడి పేలిందని అతడు చెప్పుకున్నాడు. జ్యూరీ నమ్మలేదు. 2024లో హత్యానేరం కింద 25 ఏళ్ల నుంచి యావజ్జీవం వరకు శిక్ష పడింది. బైబిలులో హెబ్రోను ఆశ్రయపురం. తెలియక చంపినవాడు ప్రాణం కాపాడుకోవడానికి పారిపోయే ఊరు. ఈ హెబ్రోనులో దారి తప్పిన బిడ్డకే ఆశ్రయం దొరకలేదు.

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలకు ఇది పరాయి సంగతి కాదు. 2017లో కాన్సస్‌లోని ఒలేతాలో హైదరాబాదు యువ ఇంజనీరు ఒకరు తుపాకీ గుండుకు బలైనప్పుడు ఇక్కడి తల్లిదండ్రుల గుండెల్లో పడిన భయం ఇంకా పోలేదు. "ఇంట్లో ఒక షాట్‌గన్ ఉంటే మంచిదేమో" అనే ఆలోచన భయంలోనుంచే పుడుతుంది. భయం పాపం కాదు. కాని అది మంచి సలహాదారు కాదు. సంఘంలో ఈ మాట ఎత్తడానికి మనం జంకితే, వారు దుకాణదారుణ్నీ వీడియోలనూ అడిగి నిర్ణయించుకుంటారు.

మొదట చట్టం. ఆత్మరక్షణకు ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం హక్కని అక్కడి సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. కాని ఆ హక్కు అందరిదీ కాదు. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఫెడరల్ నేరం. స్నేహితుడి తుపాకీ తెచ్చి దాచిపెట్టినా అంతే. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు.

ఇక షాట్‌గన్ సంగతి. భుజానికి ఆనించి పట్టుకుంటారు గనుక చేతి తుపాకీ కంటే గురి నిలుస్తుంది. 12 గేజ్ గొట్టం వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు, 20 గేజ్‌ది 15.6. గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది, భుజానికి తగిలే తోపు కూడా సాధారణంగా తగ్గుతుంది. అందుకే సన్నని శరీరం గలవారికి 20 గేజ్ సూచిస్తారు.

దాని చుట్టూ కొన్ని అపోహలున్నాయి. గురి చూడనక్కరలేదన్నది మొదటిది. పది పన్నెండు అడుగుల గదిలో సీసపు గుండ్లు సాధారణంగా అరచేతి వెడల్పుకు మించి చెదరవు. గోడ ఆపుతుందన్నది రెండోది. అక్కడి ఇళ్ల లోపలి గోడలు ఎక్కువగా జిప్సం పలకలే. బక్‌షాట్ అనే పెద్ద గుండ్లు వాటిని చీల్చుకుని పక్కగదిలో నిద్రిస్తున్న బిడ్డ మంచం దాకా పోగలవు. గాలిలోకి కాల్చి బెదిరించవచ్చన్నది మూడోది. బాల్కనీలోకి వెళ్లి రెండుసార్లు పేల్చమని భార్యకు చెప్పానని 2013లో, ఉపాధ్యక్షుడిగా ఉండగా, జో బైడెన్ అన్నారు. చాలాచోట్ల అలా కాల్చడమే కేసు అవుతుంది.

దేవుని వాక్యం ఈ విషయంలో మౌనంగా లేదు. నిర్గమకాండము 22:2-3 చూడండి. కన్నం వేస్తూ దొరికిన దొంగ దెబ్బతిని చస్తే కొట్టినవానిమీద రక్తాపరాధం లేదు. అదే సూర్యుడు ఉదయించిన తర్వాతైతే ఉంది. ఇల్లు అదే, దొంగ అదే. మారింది వెలుగు. చీకట్లో వచ్చినవాడెవరో, ఎందుకొచ్చాడో యజమానికి తెలియదు. వెలుగులో తెలుస్తుంది, సహాయం పిలవడానికీ వీలుంటుంది. మన భారతీయ న్యాయ సంహిత కూడా సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇంట్లోకి చొరబడేవాని విషయంలో ఆత్మరక్షణ హక్కును ప్రత్యేకంగా చెబుతుంది.

అయితే మోషే కాలపు యజమాని చేతిలో వెలుగు లేదు. మన చేతిలో స్విచ్ ఉంది, టార్చి ఉంది, తలుపు దగ్గర కెమెరా ఉంది, 911 ఉంది. వెలుగు వేయగలిగి ఉండి వేయనివాడు రాత్రికిచ్చిన మినహాయింపును అడగలేడు. 2013లో మిచిగన్‌లో, కారు ప్రమాదం తర్వాత తెల్లవారకముందే తలుపు తట్టిన 19 ఏళ్ల యువతిని యజమాని షాట్‌గన్‌తో కాల్చి చంపాడు. ఆమె దగ్గర ఆయుధం లేదు. అతడూ హత్యానేరం కింద జైలుకు వెళ్లాడు.

మరొక ఆజ్ఞ. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలి, లేకపోతే పడినవాని రక్తం ఆ ఇంటిమీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండము 22:8. తుపాకీకి పిట్టగోడ తాళం. 2022లో అమెరికాలో తుపాకీతో మరణించిన సుమారు 48 వేలమందిలో 27 వేలమంది ఆత్మహత్య చేసుకున్నవారే. దొంగ కోసమని కొన్న ఆయుధం కుమిలిపోతున్న కొడుకు చేతికి, ఆడుకునే పసివాని చేతికి అందకూడదు. తుపాకీ ఒక పెట్టెలో, తూటాలు మరొక పెట్టెలో, రెంటికీ తాళం ఉండాలి.

ఆయుధమే వద్దని, కత్తిని ఒరలో పెట్టమన్న ప్రభువు మాటకు కట్టుబడే విశ్వాసులున్నారు. వారిని పిరికివారనకండి. చట్టం అనుమతించి కొనుక్కునేవారినీ విశ్వాసం లేనివారనకండి. కాని కొనేముందు శిక్షణ, తాళం, ఇంటి బయట దీపం సిద్ధం చేసుకోమనండి. అలికిడి వినబడితే ఇంటిల్లిపాదీ ఒకే గదిలో చేరి, తలుపు వేసి, పోలీసులను పిలవాలి. దొంగను వెతుక్కుంటూ చీకట్లోకి వెళ్లకూడదు. పోయిన టీవీని మళ్లీ కొనుక్కోవచ్చు.

కాపరులారా, విదేశాల్లో ఉన్న మీ సంఘ బిడ్డలను ఈ వారమే ఫోనులో పలకరించండి. ఏ తుపాకీ కొన్నావని కాదు, భయమేస్తోందా అని అడగండి. తలుపు తట్టేవాడు దొంగే కానక్కరలేదు. దారి తప్పిన ఎవరి బిడ్డో కావచ్చు.